ఆటతల్లికి హారతి

ఆటతల్లీ! తూర్పు కనుమల భుజాల మీద మంచు దుప్పటి ఇంకా జారకముందే, చెరకు ఆకుల కత్తి అంచుల మీద తడి తళుకు ఆరకముందే, చోడవరం వీధుల్లో పాల సైకిలు గంట మోగకముందే మేలుకునేదానివి నువ్వు. చీర ఉయ్యాల మడతలోంచి ఒక బుల్లి పాదం బయటికొచ్చి గాలిని తన్నుతుంది. ఆ పాదానికి అమ్మ అరచెయ్యి అడ్డం పెడుతుంది. పాదం తోస్తుంది, అరచెయ్యి తోస్తుంది. పాదం ఆగుతుంది, అరచెయ్యి ఆగుతుంది. పాదం మళ్ళీ తోస్తుంది, ఇల్లంతా నవ్వుతుంది. అక్కడే, ఆ అంగుళమంత చోటే, నీ తొలి కొలువు. పీట లేదు, పలక లేదు, బెత్తం లేదు, బడిగంట లేదు. ఒక పాదం, ఒక అరచెయ్యి, వాటి నడుమ నువ్వు.

నిన్ను ఏ పేరుతో కొలవను? ఒడిలో ఊగేటప్పుడు తారంగానివి. కొంగు చాటున దోబూచివి. వీపు మీద ఉప్పుమూటవి. పిడికిళ్ళ మీద పిడికిళ్ళు పేర్చితే గుడుగుడుగుంచానివి, అరచేతులు కలిస్తే చెమ్మచెక్కవి, తలుపు వెనక నక్కితే దాగుడుమూతవి. వెయ్యి పేర్ల వేలుపువి, ఒక్క గుడీ లేని దేవతవి. చదువులతల్లి పేరు పెట్టుకుని మా సీమలో ఒక నది పారుతోంది, శారద. వానలకు ఉప్పొంగి, వేసవికి ఇసుకై, ఆ ఇసుకలోనూ చెలమ తీస్తే చల్లటి నీళ్ళిచ్చే నది. నువ్వు ఆమెకు చెల్లెలివి. ఆమె మళ్ళను తడుపుతుంది, నువ్వు మనసులను మొలిపిస్తావు.

దోబూచి వేళ నిన్ను చూడాలి! అమ్మ ముఖానికి కొంగు కప్పుకుంటుంది. లోకం ఆరిపోతుంది. పాప కళ్ళు పెద్దవవుతాయి, పెదవి వణుకుతుంది, ఊపిరి ఆగుతుంది. కొంగు తొలగుతుంది. లోకం వెలుగుతుంది! ఆ కేకలో, ఆ కిలకిలలో ఎంత పెద్ద ఎరుక పుట్టిందో ఎవరు చెప్పగలరు? కనబడనిది లేనిది కాదు. పోయినట్టున్నది తిరిగి వస్తుంది. చీకటి వెనక అమ్మ ఉంది. స్విట్జర్లాండులో జాన్ పియాజే అనే పండితుడు తన ముగ్గురు బిడ్డల ఆటపాటలనే పట్టి పట్టి చూసి, కనుమరుగైన వస్తువు ఎక్కడో ఉండే ఉంటుందన్న తెలివి పసిమనసులో మెల్లమెల్లగా మొలకెత్తే తీరును గ్రంథాలకెక్కించాడు. ఆ గ్రంథాల పేరైనా వినని మా చోడవరం అమ్మమ్మ పాత నూలుచీర కొంగుతో ఆ పాఠాన్నే రోజుకు పదిసార్లు చెబుతుంది. పదకొండోసారి పాపే కొంగు లాక్కుని తన ముఖానికి కప్పుకుంటుంది. పాఠం చెప్పే వంతు ఇక పాపది.

ఆటతల్లీ, వంటింట్లో నీ వైభవం వేరు. అక్కడ నువ్వు గలగలవి, జలజలవి, ఘుమఘుమవి. చేటలో పెసలు, చాటున రాళ్ళు. అమ్మ ఏరుతుంటే పక్కన చతికిలబడ్డ గుంటడు తానూ ఏరతాడు. రాయిని పెసల్లో వేస్తాడు, పెసను రాళ్ళలో వేస్తాడు, మళ్ళీ చూసి, నుదురు ముడిచి, తనంతట తానే మారుస్తాడు. ఆ చూపుడువేలు, ఆ బొటనవేలు గింజను పట్టుకోవడం నేర్చాయంటే రేపు బలపాన్ని పట్టుకోవడమూ నేర్చినట్టే. చింతపండు ఒలిచిన పూట చింతపిక్కలు రాశిగా పడతాయి. నల్లగా, నున్నగా, చేతిలో చల్లగా! వాటిని గుప్పెట్లో దాచి "ఎన్ని?" అంటుంది నాన్నమ్మ. గుప్పెడు విప్పితే మూడు. ఒకటి తీసేస్తే? రెండు. ఆ రెండూ నాన్నమ్మ మింగేసినట్టు నటిస్తే? సున్నా గురించి అంత నవ్వుతూ నేర్చుకున్న గణితశాస్త్రజ్ఞుడు ఎవరైనా ఉన్నాడా ఈ భూమ్మీద!

చిన్న చెంబులోంచి పెద్ద చెంబులోకి నీళ్ళు, పెద్ద చెంబులోంచి చిన్న చెంబులోకి నీళ్ళు, నేల మీదికి నీళ్ళు, చొక్కా మీదికి నీళ్ళు. ఈ నీళ్ళాటలో పాత్రకు నోరెంతో, పొట్టెంతో, నీటికి తొందరెంతో బిడ్డకు తెలుస్తుంది. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చింది. యుద్ధం అడ్డుపడటంతో ఏళ్ళ తరబడి ఈ దేశంలోనే ఉండి వందలమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. పసివాళ్ళ చేతికి నిజం పని ఇవ్వండి, నీళ్ళు వంపనివ్వండి, గింజలు వేరుచెయ్యనివ్వండి, గుండీలు పెట్టుకోనివ్వండి అని ఆమె చెప్పింది. ఆ మహాతల్లికి నమస్కారం. ఆమె చెప్పిన ఆ సామగ్రి అంతా మా పెరట్లోనే ఉంది, గోలెం పక్కన బోర్లించిన చెంబై, చూరుకు వేలాడే చేటై, మంచం కింద మూలుగుతున్న తట్టై. కావలసిందల్లా పక్కన ఒక పెద్దమనిషి కూర్చుని "వంపు నాన్నా, పరవాలేదు" అనడం. ఆ 'పరవాలేదు' దగ్గర చాలా ఇళ్ళల్లో నువ్వు ఆగిపోతావు, ఆటతల్లీ. తడుస్తుందని, ఒలుకుతుందని, ఆలస్యమవుతుందని నిన్ను గడప దగ్గరే నిలబెడతారు. అప్పుడు నాకు నీమీద జాలి కాదు, ఆ ఇంటిమీద జాలి.

"ఇదేటి?"

ఈ ఒక్క మాట నీ మంత్రం. మా సీమ పిల్లల నోట ఇంతకంటే తియ్యగా, ఇంతకంటే తరచుగా వినబడే మాట లేదు. బుడగను చూపి ఇదేటి, బల్లిని చూపి ఇదేటి, తాత ముక్కు మీద పుట్టుమచ్చను చూపి ఇదేటి. జవాబు వచ్చిందా, ఇంకో ఇదేటి. అది అడగడం కాదు, ఆడటం. మాట అటు విసిరితే మాట ఇటు రావాలి. పాప "ఊఁ" అంటే అమ్మ "ఊఁ" అనాలి, పాప "కాకి" అంటే నాన్న "అవునే, నల్ల కాకి, గోడ మీద కాకి, మన ఇడ్లీ మీద కన్నేసిన కాకి" అనాలి. ఒక్క మాటకు తోక తగిలి, రెక్క తగిలి, కథ తగిలి ఎగురుతుంది. చోడంబలి గిన్నె పట్టుకుని పెరట్లో తిప్పుతూ, కొబ్బరిచెట్టు చూపుతూ, ఆవును పలకరిస్తూ ముద్ద ముద్దకూ ఒక మాట కలిపి తినిపించిన తల్లులు భాషనే తినిపించారు. ఇప్పుడు ఎన్నో ఇళ్ళల్లో అన్నం గిన్నె పక్కన ఫోను నిలబడుతోంది. బొమ్మలు గెంతుతాయి, రంగులు చిందుతాయి, నోరు తెరుచుకుంటుంది, ముద్ద లోపలికి వెళ్తుంది. కానీ ఆ ఫోనుకు పాప "ఇదేటి?" వినబడదు. అడిగి అడిగి, జవాబు రాక, ఆ మాట మానేసిన పసినోటిని తలుచుకుంటే నా గుండె చెరువవుతుంది. తల్లీ, ఆ గిన్నె పక్కన మళ్ళీ నువ్వే కూర్చోవాలి.

చలికాలం వచ్చిందంటే నీకు మా సీమలో బ్రహ్మోత్సవం. చెరకు నరికే కాలం, గానుగ ఆడే కాలం, గాలికే తీపెక్కే కాలం. గోవాడ సహకార చక్కెర కర్మాగారం వైపు చెరకు బళ్ళు బారులు తీరిన రోజుల్లో వీధి అరుగుల మీద ఎన్ని లెక్కల పాఠాలు నడిచాయో! ఒకటో బండి, రెండో బండి, మూడోది ట్రాక్టరు, నాలుగోది లారీ. ఎద్దులున్నవెన్ని, చక్రాలున్నవెన్ని, ఎర్ర ఎద్దు ఎటుపక్క, తెల్ల ఎద్దు ఎటుపక్క. బండి పొడుగు పెద్దదా, దాని మీది చెరకు పొడుగు పెద్దదా. తాత ఒళ్ళో కూర్చుని వేళ్ళు మడిచిన బిడ్డ వేళ్ళు అయిపోయాక తాత వేళ్ళు అప్పు తీసుకుంది. అవీ అయిపోయాక "బోలెడు" అంది. అనంతం అంటే ఏమిటో ఇంతకన్నా సూటిగా ఎవరన్నారు?

ఇక బెల్లం వండే చోటికి నాన్న భుజమెక్కి వెళ్ళిన రోజు! నేను లోకంలో ఎన్నో ప్రయోగశాలల గురించి చదివాను, ఆటతల్లీ. బెల్లం పెనాన్ని మించిన దాన్ని ఎరగను. గానుగలోంచి రసం దూకుతుంది, పచ్చగా, నురగగా, గలగలా. అరచేతిలో పోస్తే చల్లగా, నాలుక మీద తియ్యగా. ఆ రసమే ఇనప పెనంలో పడితే పొగలై, సెగలై, బుడగలై కుతకుతలాడుతుంది. పిండి పారేసిన పిప్పే ఎండి పొయ్యిలోకి మంటై వస్తుంది. చెరకే చెరకును వండుతుంది! చిటికెడు సున్నం పడితే మడ్డి పైకి తేలుతుంది, తెడ్డు దాన్ని తోడేస్తుంది. రంగు మారుతుంది: పచ్చ పోయి పసుపు, పసుపు పోయి తేనె, తేనె పోయి రాగి. వాసన మారుతుంది, చప్పుడు మారుతుంది. పలచన చిక్కనవుతుంది, చిక్కన గట్టిపడుతుంది, పారేది నిలుస్తుంది. నాన్న భుజం మీద, సెగ తగలనంత దూరంలో, ఆ రెండు కళ్ళు అన్నీ తాగేస్తుంటాయి. "ముట్టుకోకు, కాలుద్ది" అంటాడు నాన్న. "ఎందుకు కాలుద్ది?" అంటుంది బిడ్డ. చల్లారిన బెల్లం ముక్క ఆకులో పెట్టి అందిస్తే, ఇందాకటి నీళ్ళు ఇప్పుడు రాయెలా అయ్యాయో తెలియని ఆశ్చర్యంతో అటు తిప్పి, ఇటు తిప్పి, ఆఖరికి కొరికి చూసి తేల్చుకుంటుంది. నీరు, ఆవిరి, గట్టి పదార్థం అని రేపు పుస్తకం చెప్పబోయేదంతా ఆ నాలుక మీద అప్పుడే కరిగింది. అక్కడినుంచి దిమ్మలై అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు సాగిపోయే ఆ తీపిలో ఒక చిన్న ముక్క మాత్రం ఎప్పటికీ అమ్ముడుపోదు. అది ఆ బిడ్డ తలపులో ఉంటుంది.

నాన్నలారా, ఈ పూజలో మీ వంతు ఎంతో ఉంది! ఉప్పుమూటకు మీ వీపు కావాలి. ఊరంతా కనబడే ఆ ఎత్తు కావాలి. పైన, కింద, దగ్గర, దూరం, ఎడమ, కుడి — ఈ మాటలన్నీ ముందు ఒంటికి తెలియాలి, తరవాతే నోటికి. మీ వీపు మీంచి జారి, చంకలో దూరి, మోకాలి మీద ఊగి, పాదాల మీద నిలబడి మీతోపాటు నడిచిన బిడ్డకు దిక్కులు ఒంట్లోనే ఇంకిపోతాయి. సాయంత్రం దీపం వెలుగులో గోడ మీద చేతి నీడలతో జింకను చెయ్యండి, కుక్కను చెయ్యండి, నోరు తెరిచే మొసలిని చెయ్యండి. నీడ పెద్దదవడానికి చెయ్యి ఎటు జరగాలో బిడ్డే కనిపెడుతుంది. కనిపెట్టనివ్వండి, ముందే చెప్పేయకండి.

ఆటతల్లీ, వినాయక చవితి నీ జన్మదినమేమో అని నాకెప్పుడూ అనిపిస్తుంది. స్వయంభూ విఘ్నేశ్వరుడు నేలలోంచి తానై వెలిసిన ఊరు మాది; ఆయనా పసివాడే, బొజ్జ నింపుకునే ముద్దులబాలుడే, తల్లి ఒంటి నలుగుపిండితో బొమ్మ చేసి ప్రాణం పోస్తే పుట్టినవాడే. తల్లి ఆడుకుంటుంటే పుట్టిన దేవుడు! ఆ పండగ ముందురోజు చెరువు మట్టి తెచ్చి ముద్ద చేసి బిడ్డ చేతికిచ్చిన ఇల్లు ధన్యం. బొజ్జ ముందు వస్తుంది, తల తరవాత వస్తుంది, తొండం విరిగిపోతుంది, మళ్ళీ అతుకుతుంది, చెవులు చేటంతవుతాయి. మెత్తని మట్టి ఎంత తడికి నిలుస్తుందో, ఎంత తడికి కూలుతుందో వేళ్ళే కొలుస్తాయి.

ఆపైన పత్రి వేట! తెల్లారకముందే బుట్ట పట్టుకుని అమ్మ వెనక పరుగు. ఇరవైయొక్క పత్రాల పూజ. మూడాకుల మారేడు, సన్నని గరిక, ముళ్ళ రేగు, బట్టకు అంటుకునే ఉత్తరేణి, ఘాటు తులసి, నునుపు మామిడి, కొనదేలిన రావి, పరిమళాల మరువం, జాజి, జమ్మి, వావిలి, దానిమ్మ, మద్ది. ఒక్కో ఆకుకు ఒక్కో అంచు, ఒక్కో ఈనె, ఒక్కో వాసన, ఒక్కో గరుకు. నలిపి చూడు, వాసన చూడు, వెనక్కి తిప్పి చూడు. జిల్లేడు తుంచితే పాలు కారతాయి: "కంట్లో పెట్టుకోకు నాన్నా." ఉమ్మెత్త, గన్నేరు: "దేవుడికే, నోట్లోకి కాదు, చేతులు కడుక్కో." మేలు చేసేదీ కీడు చేసేదీ ఒకే బుట్టలో పక్కపక్కన ఉంటాయని, తేడా తెలిసి మెలగాలని ఆ ఉదయమే నేర్పుతుంది. ఇన్ని ఆకుల పేర్లు ఒక్క పూటలో, ఒక్క తిట్టూ లేకుండా, కాళ్ళకు మంచు తడి తగులుతుండగా నేర్పిన బడి ఇంకెక్కడుంది? ఇవాళ బజారులో కట్టగా కట్టి అమ్ముతున్న పత్రిని కొనుక్కొచ్చే తల్లిదండ్రులారా, కొనండి, తప్పులేదు. కానీ ఆ కట్ట విప్పేది మాత్రం బిడ్డే కావాలి.

బొమ్మ అంటారా, అదీ మన సీమ చేతిలోనే ఉంది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను చిత్రిక పట్టి, తిరుగుతున్న కొయ్యకు లక్క అద్ది, గింజల నుంచి, బెరళ్ళ నుంచి, వేళ్ళ నుంచి, ఆకుల నుంచి తీసిన రంగులు పూస్తారు. ఆ సహజ రంగులను మళ్ళీ నిలబెట్టిన చింతలపాటి వెంకటపతి రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. మూల ఎక్కడా గుచ్చుకోని ఆ నునుపు, గుండ్రం, వెచ్చదనం! పసిబిడ్డ ఏ బొమ్మనైనా ముందు నోటితోనే చదువుతుంది కదా. ఆ నోటిని గౌరవించిన రంగులవి. లక్కపిడతల్లో ఇసుక అన్నం వండి, ఆకు కూర వండి, లేని చారు పోసి, అమ్మకు వడ్డించి "కారమా?" అని అడిగే ఆ ముద్దరాలి ముందు కూర్చున్నప్పుడు, అమ్మలారా, "కారమే తల్లీ, కొంచెం నెయ్యి వెయ్యి" అనండి. లేనిదాన్ని ఉన్నట్టు చూడగలిగిన ఆ శక్తిలోంచే రేపు కథలు వస్తాయి, వంతెనలు వస్తాయి, మందులు వస్తాయి.

ప్రభుత్వాలూ నిన్ను తలుచుకున్నాయి, ఆటతల్లీ. 1975 అక్టోబరు 2న దేశంలో అంగన్‌వాడీల కథ మొదలైంది. ఆరేళ్ళు నిండేలోపే బిడ్డ మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానం రాసుకుంది. జర్మనీలో కిండర్‌గార్టెన్‌కు ఆద్యుడైన ఫ్రోబెల్ 1844లోనే తల్లీబిడ్డల వేళ్ళ ఆటలకు, ఒడి ఆటలకు ఒక పాటల పుస్తకం కూర్చాడు. మన భాషలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలై పిల్లలకోసం గొంతు విప్పారు, 1945లో 'బాల' పత్రిక పెట్టారు. వీళ్ళంతా నీ పూజారులు. కానీ ఆ ఆరేళ్ళలో ఎక్కువ గంటలు బిడ్డ ఉండేది ఇంట్లోనే. అసలు గర్భగుడి అక్కడే.

రాత్రి నీ రూపం మరొకటి. కరెంటు పోయినా, ఉన్నా, డాబా మీద చాప పరిచాక ఊ కొట్టే వేళ మొదలవుతుంది. నిన్న చెప్పిన కథే కావాలి. మొన్న చెప్పిన కథే కావాలి. నక్క అదే కావాలి, బావి అదే కావాలి, మాట తప్పిందో "కాదు, అలా కాదు" అని దిద్దుబాటు. విసుక్కోకండి. అదే కథ మళ్ళీ మళ్ళీ అడిగే బిడ్డ అందులో తనకు తెలిసిన చోటును వెతుక్కుంటోంది, ముందేమొస్తుందో తనకు తెలుసన్న గొప్పదనాన్ని తాగుతోంది. ఒకరోజు అమ్మ అలసి నిద్రలోకి జారితే, బిడ్డ ఆ కథను తానే అందుకుంటుంది. నక్క పారిపోయిన చోట ఈసారి బస్సెక్కుతుంది. చోడవరం బస్సే. కండక్టరు టిక్కెట్టడుగుతాడు, నక్క దగ్గర డబ్బుల్లేవు. కొత్త కథ పుట్టింది!

రా తల్లీ, రా! పొద్దంతా చెరకు తోటలో ఆకు దూసి, ఒళ్ళంతా గీతలు పడి ఇంటికొచ్చిన కూలితల్లి చేతుల్లోకి రా, ఆమెకు గంటలు లేవు, స్నానం పోసే పది నిమిషాలున్నాయి, ఆ పదిలోనే చేరిపో, చెంబుల చప్పుడై, నురగ మీసాలై, "నీ చెవి ఏదీ? నా చెవి ఏదీ?" అనే ప్రశ్నవై రా. విశాఖ ఫ్లాట్లలో నాలుగు గోడల మధ్య ఉద్యోగాల అలసటతో తలుపు తీసే దంపతుల దగ్గరికి రా, ఉతికిన సాక్సుల జతలు కలిపే పోటీవై రా. సముద్రాలు దాటి డాలస్‌లో, సిడ్నీలో, తెలుగు మాట వీధిలో వినబడని చోట, వీడియో కాల్‌లో అమ్మమ్మ గుప్పెడు మూసి "ఎన్ని?" అంటే అద్దానికి అవతల మనవరాలు వేళ్ళు చూపించే చోటికి రా. మాడుగుల హల్వా ముక్కను ఇద్దరు తోబుట్టువుల మధ్య సమంగా కొయ్యమని చాకు నాన్న చేతికిచ్చి, ముక్క ఎంచుకునే హక్కు చిన్నదానికిచ్చే ఇంటికి రా. నిన్ను ఎరగని ఇంటికి ముందు రా. చేట ఉన్నచోటికి రా, చెంబు ఉన్నచోటికి రా, ఏమీ లేని చోట పది వేళ్ళుంటాయి, అక్కడికీ రా. ఇదుగో పాప కళ్ళు మూసుకుంది, అంకెలు తప్పుల తడకగా లెక్కపెడుతోంది, నాన్న బీరువా వెనక పట్టక పట్టక దూరాడు, మోచెయ్యి బయటే ఉంది. ఏడు తరవాత పది వచ్చేసింది. ఆమె బయల్దేరింది!